అధిక ముట్టును గూర్చి

సంఘపు లెక్కలు వ్రాయు నాకు ఈ సంగతి వ్రాయ సంకోచమే. అయినను ఇంటి ఆడవారు కండెలు చుట్టనిదే మగ్గము నడువదు గదా.

ముట్టు 8 దినములు దాటినను, గడ్డలుగా పోయినను, నడుమ నడుమ కనబడినను "వేడి చేసినది" అని ఊరకుండరాదు. నెత్తురు తగ్గి ఆయాసము, కళ్లు తిరుగుట వచ్చును. గంటకొక గుడ్డ తడిసిపోవుచున్నచో అప్పటికప్పుడే ఆసుపత్రికి పోవలెను. గర్భకోశములో కంతులు, థైరాయిడ్ లోపము, హార్మోనుల తేడా, ఏదైనను కారణము కావచ్చును. రక్తపరీక్ష, స్కానింగు చేసిన తెలియును. చాలమందికి మందులతోనే అదుపునకు వచ్చును. అప్పు చేసి గర్భకోశము తీయించుటకు తొందరపడక, మరియొక వైద్యురాలిని అడుగవలెను.

ముట్టు ఆగి ఏడాది గడచిన పిదప ఒక్క చుక్క కనబడినను మాత్రము, పని ఉన్నదని వాయిదా వేయక, ఆ వారమే పరీక్ష చేయించుడు. అది క్యాన్సరునకు తొలి గుర్తు కావచ్చును.