సంఖ్య తక్కువైనా గొంతు వినిపించాలంటే

హైదరాబాదులో 1964లో పుట్టిన గజాలా హష్మీ నాలుగేళ్ల వయసులో అమెరికా చేరారు. సుమారు 30 ఏళ్లు కళాశాల విద్యారంగంలో పనిచేశారు. 2019లో వర్జీనియా రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైన తొలి ముస్లిం మహిళ ఆమె. 2025లో ఆ రాష్ట్రానికే లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. అక్కడ ముస్లింలు కొద్దిమందే; ఇతరుల ఓట్లు లేనిదే ఆ గెలుపు లేదు. సంఖ్యాబలం లేనిచోట చదువూ, అందరికీ పనికొచ్చే సేవా బలమవుతాయి.

మన దగ్గర వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 చట్టం 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. ఆ సీటు అందుకోవాలంటే ముందు ఇంటర్ గట్టెక్కాలి. నంద్యాల, ఆళ్లగడ్డల్లో పదో తరగతితోనే చదువు ఆపేస్తున్న ఆడపిల్లలను ఉపాధ్యాయులుగా మేము చూస్తూనే ఉన్నాం. దాతలారా, మీ జకాత్‌లో ఒక పాలు ఆ పేదపిల్లల ఫీజుకూ, బస్సు పాసుకూ కేటాయించండి. ఇన్షా అల్లాహ్, రేపు అందరి తరఫునా మాట్లాడేది వారే.