కొత్త డాక్టరుగారి రిజిస్ట్రేషన్ నంబరు చూశారా?



వైద్యం కోసం మన భీమ్‌గల్ వాళ్లు కొందరు నిజామాబాదు వెళ్తారు. కొందరు బోధన్ దాటి మహారాష్ట్రలోని నాందేడ్ దాకా వెళ్తారు. అలాగే వేరే రాష్ట్రంలో చదివిన యువ డాక్టర్లు ఇక్కడికి వస్తారు. "డాక్టరు చదువు చదివారు కదా, ఇంకా కాగితాలెందుకు?" అని మీరు అడగవచ్చు.

చదువు వేరు, వైద్యం చేయడానికి అనుమతి వేరు. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాలు చదివాక, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో ఒక సంవత్సరం పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో పనిచేయాలి. ఆ తర్వాతే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ శాశ్వత రిజిస్ట్రేషన్ ఇస్తుంది. మన కౌన్సిల్ హైదరాబాదులో ఉంది.

డాక్టరు మరో రాష్ట్రానికి మారితే అక్కడి కౌన్సిల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. 2023 నాటి జాతీయ నిబంధనల్లో ప్రతి డాక్టరుకు దేశమంతటికీ ఒకే గుర్తింపు సంఖ్య, ఐదేళ్ల లైసెన్సు ఉన్నాయి.

మీరు చేయవలసినది ఒక్కటే. 2002 నియమాల ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోను, మందుల చీటీ, సర్టిఫికెట్, రసీదుల మీదను చూపాలి. కనిపించకపోతే మర్యాదగా అడగండి. వైద్యంలో పొరపాటు జరిగితే ఏ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలో ఆ నంబరే చెబుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

కొత్త డాక్టరుగారు కాగితాల కోసం కొన్ని రోజులు ఆగవలసి వస్తే విసుక్కోకండి. ఆ ఆలస్యం మీ క్షేమం కోసమే.