ప్రార్థనామందిరమున తుపాకి ఏల?

2019 డిసెంబరు 29వ తేదీ ఆదివారమున, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమందు వైట్ సెటిల్‌మెంట్ అను పట్టణపు చర్చిలో ఆరాధన జరుగుచుండగా ఒక దుండగుడు తుపాకి తీసి ఇరువురిని కాల్చి చంపెను. చర్చి స్వచ్ఛంద రక్షకదళములోని ఒక వృద్ధుడు ఆరు సెకనులలో వానిని కూల్చెను. ఆయన తుపాకి విద్య నేర్పు గురువు. అంతకు రెండేండ్లకు ముందు, 2017లో, అదే రాష్ట్రమున సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 26 ప్రాణములు పోయినవి. అచ్చటి సంఘములు ఆయుధశిక్షణ కోరుట వింత గాదు.

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు సంఘములును తమ యువకులకు తుపాకి పట్ట నేర్పవలెనా? కూడదనియే మా అభిప్రాయము.

మొదటి కారణము శాసనము. బ్రిటిషువారి 1878 నాటి ఆయుధశాసనము జాతి నంతటిని నిరాయుధము జేసినదని మన నాయకులు నిరసించిరి. అది న్యాయమైన నిరసన. కాని 1959 నాటి చట్టము మన పార్లమెంటు చేసినది. లైసెన్సు లేనిదే తుపాకి కలిగియుండరాదు. మత సంస్థల దుర్వినియోగమును నివారించుటకై 1988లో వెలువడిన చట్టము ఇంకను స్పష్టము: ఆయుధమును గాని, ఆయుధధారిని గాని నిర్వాహకులు లోనికి రానీయరాదు. సిక్కుల కృపాణమునకును, ఆచారసిద్ధమైన పూజాయుధములకును మాత్రమే మినహాయింపు గలదు. మీరినవారికి ఐదేండ్ల వరకు కారాగారశిక్ష. గుడికిని, మసీదుకును, చర్చికిని ఇదే కట్టడి.

రెండవ కారణము ఈ సంఘముల చరిత్ర. ఈ ప్రాంతమున మిషను పని చేసినవారు మెన్నోనైట్ బ్రదరెన్ వారు. శత్రువుపై నైనను ఆయుధ మెత్తరాదనుట వారి పూర్వుల వ్రతము. ఆ శాఖ 1860లో దక్షిణ రష్యాలో పుట్టినది. అచ్చటినుండియే అబ్రహాం ఫ్రీసెన్ 1889లో బయలుదేరి నల్లగొండ చేరెను. 1918లో, అంతర్యుద్ధపు అరాచకములో, రష్యాలో మిగిలిన మెన్నోనైట్ యువకులు జర్మను సైనికులవద్ద తుపాకి నేర్చి ఆత్మరక్షణదళములు కట్టిరి. దళములు నిలువలేకపోయినవి. 1919లో మఖ్నో ముఠాలు వారి గ్రామములలో ఘోరహత్యలు సాగించినవి. ఆయుధ మెత్తుట వ్రతభంగమే గాక యుక్తిలోపము గూడనని పిమ్మట సంఘపెద్దలలో అనేకులు ఒప్పుకొనిరి.

అట్లని చేతులు ముడిచి కూర్చుండు మనుట లేదు. 2019 ఏప్రిలు 21, ఈస్టరునాడు, శ్రీలంకలోని బట్టికలోవాలో జియోను చర్చి వాకిట రమేశ్ రాజు అను సభ్యుడు పెద్ద సంచితో వచ్చిన అపరిచితుని లోనికి పోనీయలేదు. బాంబు వెలుపలనే ప్రేలినది. ఆవరణలో రమేశుడును, పిల్లలును, మరి పలువురును మరణించిరి. కాని నిండిన మందిరము దక్కినది. ఆయన చేత తుపాకి లేదు, ఉన్నది మెలకువ.

ఆ మెలకువయే మనకు కావలసిన శిక్షణ. ఆరాధనవేళ ద్వారమున ఇరువురు నిలువవలెను. క్రొత్తవానిని మర్యాదగా పలుకరింపవలెను, బీదవాడని అవమానింపరాదు. రెండవ ద్వారమునకు తాళము వేయరాదు. మంటల నార్పుట, గాయపు రక్తము నాపుట యువకులకు నేర్పవలెను. క్రిస్మసు రాత్రికి ముందే పోలీసుఠాణాకు తెలుపవలెను. ఆపదలో 112కు ఫోను చేయుట పిల్లలకును తెలియవలెను. అన్నిటికంటె ముందు ఇరుగుపొరుగు హిందూ ముస్లిము గృహస్థులతో మైత్రి పెంపొందింపవలెను. అపరిచితుని మొదట చూచునది వీధివారే గదా! వారు మనవారైననాడు మందిరమునకు అంతకుమించిన కావలి లేదు.