స్థూలకాయానికి జన్యుకారణాలు: తెలుగునాట అన్వేషణ

శరీర బరువును ఆహారం, శ్రమలతో పాటు జన్యువులు కూడా ప్రభావితం చేస్తాయి. కవలలపై జరిగిన అధ్యయనాలు దీనిని ముందే సూచించినా, సాధారణ స్థూలకాయంతో స్పష్టంగా ముడిపడిన జన్యుభేదం 2007లోనే, 16వ క్రోమోజోముపై ఉన్న ఎఫ్‌టీఓ జన్యువులో వెల్లడైంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ దానిని పొందిన ఐరోపా వయోజనుల బరువు, అది లేనివారి కంటే సగటున 3 కిలోలు అధికం.

ఈ సూత్రం భారతీయులకు యథాతథంగా వర్తిస్తుందా? హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త గిరిరాజ్ రతన్ చందక్, పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ తదితరులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో ఎఫ్‌టీఓ భేదాలకు మధుమేహంతో గట్టి సంబంధం కనిపించింది. ఐరోపావారిలో ఈ సంబంధం ప్రధానంగా బరువు ద్వారా ఏర్పడగా, భారతీయులలో బరువును లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా కొంత నిలిచింది. సన్నని దేహంలోనూ కొవ్వుపాలు అధికంగా ఉండవచ్చునన్న యాజ్ఞిక్ పరిశీలనతో దీనిని కలిపి చూడాలి.

కనుక నెల్లూరు తీరాన జువ్వలదిన్నె వంటి మత్స్యకార గ్రామంలో ముప్పును తూకంతోనో, ఐరోపా జన్యుసమాచారంతోనో మాత్రమే అంచనా వేస్తే, సన్నగా ఉండి మధుమేహానికి చేరువవుతున్నవారు లెక్కకు అందకపోవచ్చు. అయితే జన్యువు విధిరాత కాదు. శారీరక శ్రమ చేసేవారిలో ఎఫ్‌టీఓ ప్రభావం తగ్గుతుందని 2011 నాటి విస్తృత విశ్లేషణ నిరూపించింది. అందుచేత జన్యుపరీక్షతో పాటు నడుము కొలత, రక్తంలో చక్కెర, చేసే పని స్వభావం కూడా పరిశోధకుల పరిశీలనలో చేరాలి.