గేదె చేపాలంటే సూదే కావాలా?



దూడ చనిపోయిన గేదె చేపక ఇబ్బంది పెడుతుంటే, "సూది వేయించు, రెండు నిమిషాల్లో పాలు దిగుతాయి" అని ఎవరో ఒకరు చెబుతారు. ఆ సూదిలో ఉండేది ఆక్సిటోసిన్. అది ఎలా పని చేస్తుందో తెలిస్తే రోజూ అవసరమా కాదా మనమే తేల్చుకోవచ్చు.

నిజానికి ఇది గేదె మెదడులోనే తయారయ్యే హార్మోను. దూడ మూతి తగిలినా, మనం చన్నులు తుడిచినా ఆ కబురు నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. పిట్యూటరీ గ్రంథి నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది. పొదుగులోని పాల గదుల చుట్టూ ఉన్న సన్నని కండరాలను బిగిస్తుంది, పాలు చన్నుల్లోకి దిగుతాయి. చేపడం అంటే ఇదే. గేదె పాలు దాదాపు అన్నీ ఆ లోపలి గదుల్లోనే ఉంటాయి. అందుకే ఆవు కంటే గేదె చేపడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ హార్మోను ఉన్న పాలను దించుతుంది, కొత్తగా పాలను పుట్టించదు. పాలు పెరగాలంటే మేత, నీళ్లు, ఆరోగ్యం చూడాలి.

మరి సూదితో నష్టమేంటి? రోజూ వేస్తే పొదుగు తన సొంత హార్మోనుకు స్పందించడం తగ్గుతుంది. తర్వాత సూది లేనిదే గేదె చేపదు. ఈ మందు గర్భసంచిని కూడా బిగిస్తుంది కాబట్టి చూడి గేదెకు ప్రమాదం. పాల కోసం పశువుకు హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం.

అలాగని ఇది విషం కాదు. కాన్పు తర్వాత తల్లికి రక్తస్రావం ఆపడానికి ఆసుపత్రిలో ఇచ్చేది ఈ మందే, మామూలుగా 10 యూనిట్లు. 2018లో ప్రైవేటు కంపెనీలు దీన్ని తయారు చేయకూడదని కేంద్రం ఉత్తర్వు ఇస్తే, ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది డిసెంబరులో దాన్ని కొట్టేసింది. ఇక సూది పాలు తాగితే ఆడపిల్లలు త్వరగా పెద్దమనిషి అవుతారన్న భయం ఉంది. ఆక్సిటోసిన్ 9 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, కడుపులో జీర్ణమైపోతుంది. అది ఈస్ట్రోజన్ కాదు. అసలు నష్టపోయేది గేదె, దాన్ని నమ్ముకున్న రైతు.

సూది లేకుండా ఇలా చేసి చూడండి:

• రోజూ ఒకే వేళకు, ఒకే చోట, ఒకే మనిషి పితకాలి.
• గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, రెండు మూడు నిమిషాలు మెల్లగా నిమరాలి.
• దూడ లేకపోతే ఆ సమయంలోనే దాణా పెట్టాలి. కొన్నాళ్లకు దాణా బుట్ట చూడగానే చేపుతుంది.
• అరుపులు, దెబ్బలు, కొత్త కుక్కలు వద్దు. బెదిరితే అడ్రినలిన్ వచ్చి చేపు ఆగిపోతుంది.
• చేపాక ఆలస్యం చేయకుండా, పిడికిలి పట్టుతో ఐదారు నిమిషాల్లో పితికేయాలి.

పొదుగు కడగడం, నిమరడం, పిడికిలి పట్టు ఎలాగో వీడియోలో వివరంగా చూడొచ్చు.

ఇప్పటికే సూదికి అలవాటైన గేదె ఉంటే పశువైద్యుణ్ణి అడిగి మెల్లమెల్లగా మాన్పించండి. మొదట్లో పాలు తగ్గుతాయి, కంగారు పడి మళ్లీ సూది పట్టుకోవద్దు. ఈ మందు డాక్టరు చీటీ మీద, డాక్టరు చేతుల్లోనే ఉండాలి.