మోటార్‌సైకిల్‌పై ట్రౌట్ నదీ లోయలకు: అనుమతులు, అవగాహన, జాగ్రత్తలు

ప్రత్యేక వ్యాసం

హిమాలయ పర్వత మార్గాలలో మోటార్‌సైకిల్ యాత్ర తెలుగు యువతకు కొత్త విషయం కాదు. ఈ యాత్రకు ఫ్లై ఫిషింగ్, అనగా కృత్రిమ ఈగను ఎరగా ఉపయోగించి సాగించే గాలపు వేటను జోడించే అభిరుచి కొందరిలో ఏర్పడింది. రెండు వినోదాలు ఒకే ప్రయాణంలో కలిసినప్పుడు రెండింటి నియమాలూ, రెండింటి ప్రమాదాలూ కలుస్తాయి. రహదారి చట్టంతోపాటు మత్స్య చట్టాన్ని, కొండ దారితోపాటు నది స్వభావాన్ని కూడా తెలుసుకొనవలసి ఉంటుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయను ఉదాహరణగా తీసుకొని, పాత్రికేయులకు, అధికారులకు ఉపకరించే సమాచారాన్ని ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ఫ్లై ఫిషింగ్ అంటే ఏమిటి?

సాధారణ గాలపు వేటలో వానపామునో, పిండి ముద్దనో గాలానికి గుచ్చి, బరువు కట్టి నీటిలోకి విసురుతారు. ఫ్లై ఫిషింగ్ పద్ధతి ఇందుకు భిన్నమైనది. పక్షి ఈకలు, జంతువుల బొచ్చు, దారం ఉపయోగించి చిన్న గాలంపై పురుగు ఆకారాన్ని కడతారు. ఈ కృత్రిమ ఈగకు దాదాపు బరువే ఉండదు. అందువలన దానిని దూరానికి చేర్చే బరువు గాలపు తాడులోనే ఉంటుంది. వేటగాడు కడ్డీని లయబద్ధంగా ముందుకు, వెనుకకు ఊపుతూ తాడును గాలిలో సాగదీసి, ఈగను నీటిపై సున్నితంగా వాలనిస్తాడు. చల్లని కొండ వాగులలో పెరిగే ట్రౌట్ చేప ప్రవాహంతో కొట్టుకువచ్చే పురుగులను ప్రధాన ఆహారంగా స్వీకరిస్తుంది. ఏ వేళకు ఏ పురుగు నీటిపైకి వస్తున్నదో గమనించి, దానిని పోలిన ఈగను ఎంపిక చేయడమే ఈ క్రీడలోని నైపుణ్యం.

మోటార్‌సైకిల్ యాత్రతో ఈ క్రీడ పొసగడానికి ఒక కారణం పరికరాల పరిమాణం. తొమ్మిది అడుగుల కడ్డీ నాలుగు ముక్కలుగా విడిపోయి, మీటరు కన్నా పొట్టి గొట్టంలో ఇమిడిపోతుంది. చక్రం, తాడు, ఈగల పెట్టె ఒక చిన్న సంచిలో సరిపోతాయి. మరొక కారణం లోయల స్వరూపం. మంచి నీటి మడుగులు ప్రధాన రహదారికి దూరంగా, ఇరుకైన గ్రామీణ మార్గాల వెంబడి ఉంటాయి. పెద్ద వాహనం నిలపడానికి చోటు లేని మలుపుల వద్ద కూడా ద్విచక్ర వాహనాన్ని సురక్షితంగా పక్కకు నిలుపవచ్చు.

ట్రౌట్ భారతదేశానికి వచ్చిన తీరు

ట్రౌట్ మన దేశపు చేప కాదు. బ్రిటిష్ పాలనా కాలంలో 1899లో కాశ్మీర్‌కు తెప్పించిన గుడ్లు ప్రయాణంలోనే పాడైపోయాయి. మరుసటి సంవత్సరం చేసిన ప్రయత్నం ఫలించి, బ్రౌన్ ట్రౌట్ కాశ్మీర్ నీటిలో స్థిరపడింది. 1909లో కాశ్మీర్ నుండి గుడ్లను తెప్పించి కులూ లోయలోని మహిలి వద్ద పెంపక కేంద్రాన్ని నెలకొల్పారు. ఆనాటి అధికారి జి.సి.ఎల్. హోవెల్ ఇందుకు చొరవ తీసుకున్నారు. బియాస్ నది, దాని ఉపనదులలో నేడు కనిపించే ట్రౌట్ సంతతికి మూలం ఇదే. తరువాతి కాలంలో కులూ జిల్లా పట్లీకుహల్‌లోని కేంద్రం నార్వే సాంకేతిక సహకారంతో అభివృద్ధి చెంది, రెయిన్‌బో ట్రౌట్ పెంపకానికి ఆధారమైంది. మండి జిల్లా బరోట్ వద్ద ఊహల్ నది, దక్షిణాదిన నీలగిరులు, మున్నార్ ఎగువ ప్రాంతాలు కూడా ట్రౌట్ నీటికి పేరుపొందినవే.

తీర్థన్ లోయ

తీర్థన్ నది గ్రేట్ హిమాలయన్ జాతీయ ఉద్యానవనం ఎగువ ప్రాంతంలో పుట్టి, గుషైనీ, బంజార్ మీదుగా ప్రవహించి, లార్జీ వద్ద సైంజ్ నదితోపాటు బియాస్‌లో కలుస్తుంది. ఈ ఉద్యానవనానికి 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. ఉద్యానవనం సరిహద్దు లోపల చేపల వేటకు అనుమతి లేదు. వెలుపలి ప్రాంతంలో మాత్రమే, లైసెన్సు పొందినవారు వేటాడవలసి ఉంటుంది.

బియాస్ పరీవాహక ప్రాంతంలో అనేక జలవిద్యుత్ ప్రాజెక్టులు వెలసినప్పటికీ తీర్థన్ స్వేచ్ఛగా ప్రవహిస్తున్నది. దీని వెనుక స్థానికుల సుదీర్ఘ కృషి ఉన్నది. బంజార్ మాజీ శాసనసభ్యుడు దిలారాం షబాబ్ నాయకత్వంలో గ్రామస్థులు ఈ నదిపై ప్రతిపాదించిన విద్యుత్ ప్రాజెక్టులను వ్యతిరేకించి, న్యాయపోరాటం కూడా సాగించారు. నది ప్రవాహంపై ఆధారపడిన జీవనోపాధిలో ట్రౌట్ ఒక భాగం. లోయలోని అతిథి గృహాలు, గృహ వసతులు, మార్గదర్శకులుగా పనిచేసే యువకులు ఈ పర్యాటకంపై ఆధారపడుతున్నారు. పర్యాటకుడు నియమం తప్పినప్పుడు నష్టపోయేది ముందుగా ఈ కుటుంబాలే.

మార్గం, వాహనం

హైదరాబాద్ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి నాగ్‌పూర్, ఆగ్రా, ఢిల్లీ మీదుగా అంబాలా చేరుతుంది. అక్కడి నుండి చండీగఢ్, బిలాస్‌పూర్, మండి మీదుగా ఔట్ చేరి, లార్జీ, బంజార్ వైపు మళ్లవలెను. సిమ్లా వైపు నుండి వచ్చేవారికి ఆనీ మీదుగా జలోడీ కనుమ దాటే మార్గం కలదు. సుమారు 3,120 మీటర్ల ఎత్తున గల ఈ కనుమ శీతాకాలంలో మంచు వలన మూతపడుతుంది. వాలు ఎక్కువగా ఉన్నందున కొత్తగా కొండదారి నడిపేవారు ఔట్ మార్గాన్నే ఎంచుకొనుట మేలు.

దూరప్రయాణం వద్దనుకునేవారు వాహనాన్ని రైలులో పార్సిల్‌గా పంపుకొనవచ్చును. ఇందుకు రిజిస్ట్రేషన్ పత్రం, గుర్తింపు పత్రం చూపవలెను. ట్యాంకులోని పెట్రోలును పూర్తిగా తీసివేయవలెను. అద్దె వాహనం తీసుకునేవారు దానికి నల్లని పలకపై పసుపు అక్షరాల నంబరు ఉన్నదీ లేనిదీ చూసుకొనవలెను. వ్యక్తిగత వాహనాన్ని అద్దెకు తీసుకుంటే ప్రమాద సమయంలో బీమా వర్తింపు ప్రశ్నార్థకమవుతుంది. మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం నడిపేవారితోపాటు వెనుక కూర్చున్నవారు కూడా హెల్మెట్ ధరించవలెను. 2021 జూన్ నుండి ఐ.ఎస్.ఐ. ముద్ర గల హెల్మెట్లు మాత్రమే విక్రయించవలెనన్న ఉత్తర్వు అమలులోనికి వచ్చింది.

గాలపు సామగ్రి కట్టే విషయంలో కూడా జాగ్రత్త అవసరం. కడ్డీ గొట్టాన్ని వాహనం పొడవునకు సమాంతరంగా, చక్రాలకు, సైలెన్సరుకు తగలకుండా బిగించవలెను. అడ్డంగా కట్టిన గొట్టం ఇరుకు దారిలో ఎదురు వాహనానికి తగిలే ప్రమాదమున్నది. బరువు రెండు వైపులా సమంగా, వీలైనంత క్రిందుగా ఉండవలెను. గాలాలను మూత బిగించిన పెట్టెలో ఉంచాలే గాని చొక్కాకు, టోపీకి గుచ్చుకొని వాహనం నడపరాదు.

తరచుగా విస్మరించబడే అంశం మరొకటి కలదు. మంచు కరిగిన నీటిలో గంటల తరబడి నిలబడిన వ్యక్తి చేతివేళ్లు కొంతసేపు మొద్దుబారి ఉంటాయి. అదే స్థితిలో వాహనమెక్కితే బ్రేకు, క్లచ్ పట్టు సరిగా దొరకదు. తడిబట్టలపై వీచే గాలి శరీర ఉష్ణోగ్రతను వేగంగా తగ్గిస్తుంది. వేట ముగిసిన తరువాత పొడిబట్టలు మార్చుకొని, వేడిగా ఏదైనా త్రాగి, చేతులు స్వాధీనంలోనికి వచ్చిన పిమ్మటనే బయలుదేరవలెను. సాయంత్రపు వేట మంచిదన్న ఉద్దేశంతో చీకటి పడేదాకా నది వద్ద ఉండేవారు ఆ రాత్రి బసను నడిచి చేరగల దూరంలో ఏర్పాటు చేసుకొనుట శ్రేయస్కరం.

అనుమతులు, నిషేధ కాలం

హిమాచల్ ప్రదేశ్ మత్స్య చట్టం, 1976 ప్రకారం ట్రౌట్ నీటిలో వేటకు మత్స్య శాఖ లైసెన్సు తప్పనిసరి. నవంబరు 1 నుండి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేట నిషేధం. ఇది చేపలు గుడ్లు పెట్టే కాలం. గులకరాళ్ల మధ్య పెట్టిన గుడ్లు మనుషుల కాలి తొక్కిడికి కూడా నశిస్తాయి. అందువలన నిషేధ కాలంలో గాలం వేయకపోయినా వాగులో నడవడం హానికరమే. రుసుము, పట్టదగిన చేపల పరిమాణం, సంఖ్య మారుతుండవచ్చు గనుక బయలుదేరే ముందు మత్స్య శాఖ స్థానిక కార్యాలయంలో నిర్ధారించుకొనవలెను.

మార్చి నుండి వేసవి ఆరంభం వరకు, మరల సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనుకూలమైనవి. జూలై, ఆగస్టు నెలలలో వర్షాల వలన నీరు బురదగా మారడమే కాక కొండచరియలు, ఆకస్మిక వరదల ముప్పు అధికం. 2023 జూలైలో బియాస్ వరద కులూ–మనాలీ రహదారిని పలుచోట్ల కోసివేసిన సంగతి విదితమే.

నది హెచ్చరిక

ఈ మార్గం గురించి తెలుగువారు మరువరాని విషయం ఒకటి కలదు. 2014 జూన్ 8న సాయంత్రం మండి జిల్లా థలౌట్ వద్ద బియాస్ నదిలోని రాళ్లపైకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు, ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుండి విడుదలైన నీటిలో కొట్టుకుపోయారు. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న యాత్రా నిర్వాహకుడు ప్రాణాలు కోల్పోయారు. మృతదేహాల కోసం గాలింపు వారాల తరబడి సాగింది. తీర్థన్‌కు వెళ్లే మోటార్‌సైకిల్ యాత్రికుడు ఈ ప్రదేశం మీదుగానే ప్రయాణిస్తాడు.

ఇటువంటి ప్రమాదం ఎట్లు సంభవిస్తుందో తెలిస్తే నివారణ సులభం. ఇటువంటి ప్రాజెక్టులకు నీటిని ఎక్కువ కాలం నిల్వ ఉంచే జలాశయం ఉండదు. విద్యుదుత్పత్తి తగ్గించినప్పుడు టర్బైన్లకు వెళ్లని నీటిని గేట్ల ద్వారా నదిలోకి వదలవలసి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా, నది పలుచగా కనిపిస్తున్నా, నిమిషాలలో మట్టం పెరగవచ్చు. కనుక ఆనకట్ట దిగువన, హెచ్చరిక పలకలు ఉన్న చోట ఫోటో కోసమైనా, వేట కోసమైనా నదీగర్భంలోకి దిగరాదు. సైరన్ వినబడగానే సామగ్రిని వదలి గట్టెక్కవలెను. ప్రవాహ ఘోషలో సైరన్ వినబడకపోవచ్చు గనుక నీటి రంగు మారడం, ఆకులు, పుల్లలు కొట్టుకురావడం, తడవని రాయి తడవడం వంటి సూచనలను గమనిస్తూ ఉండవలెను.

ఆనకట్ట లేని తీర్థన్‌లో కూడా మంచు కరిగే కాలంలో మధ్యాహ్నం తరువాత మట్టం పెరుగుతుంది. ఉదయం దాటిన పాయను సాయంత్రం దాటలేకపోవచ్చు. నీటిలో నడిచేవారు మోకాలి లోతు మించకుండా, చేతికర్ర సాయంతో, నడుముపట్టీ బిగించుకొని, మరొకరి కంటి ఎదుట ఉండవలెను. నడుముపట్టీ లేని జలనిరోధక దుస్తులలో పడినప్పుడు నీరు నిండి లేవడం కష్టమవుతుంది.

చేపలు, నదీ పర్యావరణం

పట్టిన చేపను తిరిగి వదలడం ప్రశంసనీయమైన అలవాటు. అయితే వదిలిన చేప బ్రతకవలెనన్న నియమం కూడా పాటించవలెను. ముల్లు లేని గాలం వాడాలి. చేతులు తడిపి మాత్రమే చేపను తాకాలి. ఫోటో కోసం ఎక్కువసేపు నీటి వెలుపల ఉంచరాదు. ఎండలకు నీరు వెచ్చబడిన రోజులలో ప్రాణవాయువు తగ్గి చేప త్వరగా అలసిపోతుంది గనుక వేట మానుకొనుట ఉత్తమం. ఈ నదుల స్వదేశీ చేపలైన స్నో ట్రౌట్, బంగారు మహసీర్‌లకు ప్రత్యేక రక్షణ అవసరం. బంగారు మహసీర్‌ను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా వర్గీకరించింది. ఒక వాగులో వాడిన బూట్లు, తాడు పూర్తిగా ఆరకుండా మరొక వాగులో వాడితే చేపల వ్యాధులు వ్యాపించే అవకాశమున్నది.

పాత్రికేయులకు, అధికారులకు

యాత్రా విశేషాలను ప్రచురించే పత్రికలు నది మధ్య రాళ్లపై నిలబడిన చిత్రాలను ఆదర్శంగా చూపకుండా, లైసెన్సు, నిషేధ కాలం, నీటి విడుదల వివరాలను అదే కథనంలో చేర్చగలిగితే పాఠకులకు మేలు చేసినవారవుతారు. విహారయాత్రలకు అనుమతించే విద్యాసంస్థల యాజమాన్యాలు, జిల్లా విద్యా, పర్యాటక అధికారులు యాత్రికుల జాబితా, మార్గం, బస వివరాలు, గమ్యస్థానపు జిల్లా యంత్రాంగం ఫోన్ నంబరు ముందుగా సేకరించి ఉంచుకొనవలెను. ఒంటరిగా వెళ్లే మోటార్‌సైకిల్ యాత్రికులు ప్రతిరోజూ ఏ నది వద్ద ఉంటారో, ఎన్ని గంటలకు బసకు తిరిగి చేరుతారో ఇంటివారికి, వసతి యజమానికి తెలియజేయవలెను. నిర్ణీత వేళకు మనిషి రానప్పుడు ఎక్కడ వెదకవలెనో తెలిసి ఉండడం ప్రాణాలను కాపాడుతుంది.