బడి నాటకంలో ఎవరి పని ఎంత?

బడిపిల్లలచేత సంగీత నాటకం ఆడించాలనగానే మనలో చాలామందికి రెండే దారులు తోస్తాయి: రచనను పలచన చెయ్యడం, లేదా గొంతున్న నలుగురిని ముందు నిలిపి తక్కినవారిని గుంపు చెయ్యడం. ఈ రెండింటినీ తప్పించుకున్న రచన ఒకటుంది.

ఇంగ్లండు స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ కూర్చిన 'నోయీస్ ఫ్లడ్' 1958 జూన్‌లో ఆర్‌ఫర్డ్ చర్చిలో మొదటిసారి ప్రదర్శితమైంది. ఇతివృత్తం బైబిలులోని జలప్రళయం. మాటలు మధ్యయుగపు చెస్టర్ నాటకాలవి. వాటిని ఆ పట్టణపు వృత్తి సంఘాలు ఆడేవి. ప్రళయ కథ నీళ్ళు మోసేవారి వంతు.

బ్రిటెన్ కష్టాన్ని తగ్గించలేదు, పంచాడు. నోవా, అతని భార్య పాత్రలు పెద్దలకిచ్చాడు. వయొలిన్ నేర్చేవారికి స్థాయినిబట్టి వేర్వేరు భాగాలు రాశాడు. కొత్తగా చేరినవారికి వేలు నొక్కనక్కరలేని స్వరాలు. తొలి చినుకులకోసం తాడుకు వేలాడదీసిన కప్పులను కర్ర గరిటెతో కొట్టించాడు. బూరలు మోగుతుండగా పిల్లలు జంతువుల జంటలై ప్రేక్షకుల మధ్యనుంచి ఓడెక్కుతారు. ప్రేక్షకులూ కీర్తనల్లో గొంతు కలుపుతారు.

ఆ కప్పులు మోగకపోతే వాన మొదలుకాదు. చిన్న పని ఇక్కడ అలంకారం కాదు, నిర్మాణంలో భాగం. బడికోసం రాసేవారు ఒక్కొక్క పిల్లవాణ్ణీ తీసేసి చూసుకోవాలి. లోటు తెలియకపోతే, ఆ పాత్రను మనమింకా రాయలేదన్నమాటే.